పరుగుకు ముందు ఏ పెయిన్‌కిల్లర్ మంచిది? ఏదీ కాదు

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 36 ఏళ్లు. మాది ప్రొద్దుటూరు, ఉద్యోగరీత్యా బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఉంటున్నాం. జనవరిలో ముంబై మారథాన్ 3 గంటల 39 నిమిషాల్లో పూర్తి చేశాను. బోస్టన్ మారథాన్‌కు అర్హత పొందాలంటే నా వయసు ఆడవాళ్లకు 3 గంటల 30 నిమిషాలు కావాలి, 3:25 లోపు ఉంటేనే నమ్మకం అంటున్నారు. వారానికి 85 కిలోమీటర్లు పరిగెడుతున్నాను. బరువు తగ్గితే వేగం పెరుగుతుందని రాత్రిపూట అన్నం మానేసి 54 నుంచి 48 కిలోలకు వచ్చాను. ఆరు వారాలుగా ఎడమ కాలి ముందు ఎముక మీద ఒకేచోట నొప్పి, ఈ మధ్య రాత్రుళ్లు కూడా సలుపుతోంది. మొదట్లోనే ఎక్స్‌రే తీయిస్తే ఏమీ లేదన్నారు. రన్నింగ్ గ్రూపులో షిన్ స్ప్లింట్స్ అన్నారు. లాంగ్ రన్‌కు ముందు మెడికల్ షాపులో ఇచ్చిన పెయిన్‌కిల్లర్, గ్యాస్ మాత్ర వేసుకుంటే నొప్పి తెలియదు కానీ కడుపులో మంట. నాలుగు నెలలుగా పీరియడ్స్ లేవు, ట్రైనింగ్‌లో మామూలే అన్నారు. కడుపు మంట రాని పెయిన్‌కిల్లర్ ఏది? ఐరన్ మాత్రలు, బీట్‌రూట్ రసం వాడితే 3:25 వస్తుందా? మా ఆయన పరుగే మానేయమంటున్నారు.
– ఓ పాఠకురాలు, బెంగళూరు

సమాధానం: అమ్మా, మీరు అడిగినవాటికి తర్వాత వస్తాను. ముందు మీరు మధ్యలో ఒక్క ముక్కలో రాసి వదిలేసిన రెండు సంగతులు మాట్లాడాలి. ఎముక మీద ఒకేచోట నొప్పి, నాలుగు నెలలుగా నెలసరి రాకపోవడం. ఈ రెండూ ఒకే ఉత్తరంలో చదివాక రేపటి నుంచే పరుగు ఆపండి అని చెప్పక తప్పదు. మెల్లగా జాగింగ్ కూడా వద్దు.

చూడకుండా, చేత్తో నొక్కి పరీక్షించకుండా ఫలానా జబ్బే అని చెప్పడం కుదరదు. కానీ వేలు పెట్టి చూపించగలిగేంత చిన్న చోట నొప్పి, వారాలు గడిచేకొద్దీ పెరగడం, ఇప్పుడు పడుకున్నా సలపడం, ఇవన్నీ వింటే మేం ముందుగా అనుమానించేది స్ట్రెస్ ఫ్రాక్చర్. అంటే పడి విరగడం కాదు, రోజూ వేల అడుగుల దెబ్బ పడుతూ, మధ్యలో బాగుపడే వ్యవధి దొరక్క ఎముకలో మొదలయ్యే సన్నటి పగులు. షిన్ స్ప్లింట్స్ అయితే సాధారణంగా ఎముక లోపలి అంచు వెంట బారుగా, బెత్తెడు మేర నొప్పి ఉంటుంది, ఒళ్లు వేడెక్కాక కొంచెం తగ్గుతుంది కూడా. మీరు రాసింది అలా లేదు.

ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు కదా అంటారేమో. స్ట్రెస్ ఫ్రాక్చర్ మొదటి రెండు మూడు వారాల్లో ఎక్స్‌రేలో చాలామందికి కనిపించదు, ఒక్కోసారి తర్వాత కూడా కనిపించదు. మొదట్లో తీసిన ఎక్స్‌రే పట్టుకుని ఆరు వారాలు పరిగెత్తడం నాకు నచ్చలేదు, ఆ మాట దాచుకోను. ఎంఆర్‌ఐ తీయించాలి. పగులు ఎక్కడుందన్నది కూడా ముఖ్యమే. ఎముక లోపలి అంచున ఉంటే సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాల విశ్రాంతితో కుదురుతుంది, తర్వాత పరుగుకు నెమ్మదిగా రావచ్చు. అదే ఎముక ముందు వైపు మధ్య భాగంలో ఉంటే మానడం చాలా ఆలస్యం, పట్టించుకోకపోతే పూర్తిగా విరిగే ప్రమాదం ఉంది, కొందరికి రాడ్ వేయాల్సి వస్తుంది. మీరు ‘ముందు ఎముక’ అన్నారు, అంచు మీదా మధ్యలోనా అన్నది రాయలేదు. అందుకే నా తొందర.

ఇక మాత్ర. మెడికల్ షాపులో ఇచ్చారన్నారు, పేరు రాయలేదు. బహుశా డైక్లోఫెనాకో, ఏసిక్లోఫెనాక్–పారాసెటమాల్ కలిసినదో అయ్యుంటుంది, మన దగ్గర అడగ్గానే చేతిలో పెట్టేవి అవే. ఆదివారం కబ్బన్ పార్కులో పరిగెత్తేవాళ్లలో ఇది మామూలైపోయింది, బూట్ల లేసు కట్టుకున్నంత మామూలుగా మాత్ర వేసుకుని బయల్దేరుతున్నారు, నా దగ్గరికి వచ్చేవాళ్లను అడిగితే దాన్ని మందు కింద లెక్కే వేయరు, ‘ఏమైనా మందులు వాడుతున్నారా’ అంటే లేదంటారు, గుచ్చి అడిగితే అప్పుడు బయటపడుతుంది. నలభై దాటిన ఒకాయన గజ్జల్లో నొప్పిని ఇలాగే మాత్రలతో నెట్టుకొచ్చి రేసు పరిగెత్తాడు. చివరి కిలోమీటర్లలో కాలు మోపలేక కూలబడ్డాడు. తుంటి ఎముక మెడ దగ్గర పగులు పూర్తిగా విరిగింది, స్క్రూలు వేయాల్సి వచ్చింది. మొదటి వారంలోనే వచ్చి ఉంటే చాలావరకు ఊతకర్రలతో, విశ్రాంతితో పోయే అవకాశం ఉండేది. ఆయనకు నొప్పి చెప్పాల్సిందంతా చెప్పింది, మాత్ర దాని నోరు నొక్కేసింది. మీరూ ఇప్పుడు అదే చేస్తున్నారు.

ఎముక ఒక్కటే అయితే ఇంతగా చెప్పను. రెండు మూడు గంటలు చెమట కారుస్తూ పరిగెత్తినప్పుడు కిడ్నీలకు వెళ్లే రక్తం ఎలాగూ తగ్గుతుంది. అప్పుడు ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలే ఆ రక్తనాళాలను తెరిచి ఉంచి కిడ్నీని కాపాడతాయి. ఈ మాత్రలు నొప్పిని తగ్గించేది వాటిని ఆపేసే! అంటే కిడ్నీకి అండ కావాల్సిన గంటల్లోనే మీరు ఆ అండ తీసేస్తున్నారు. గ్యాస్ మాత్ర కడుపును కొంతవరకు కాపాడుతుందేమో గానీ కిడ్నీకి ఏమీ చేయదు. ఒంట్లో నీరు ఎక్కువ నిలవ ఉండేలా చేసే గుణం కూడా వీటికి ఉంది, దానికి తోడు భయపడి నీళ్లు మితిమీరి తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది. మీరు వెళ్లాలనుకుంటున్న బోస్టన్‌లోనే 2002లో 488 మంది రన్నర్ల రక్తం పరీక్షిస్తే 13 శాతం మందికి సోడియం తక్కువగా ఉంది. ఆ ఏడాది రేసులో ఒక యువతి దానివల్లే చనిపోయింది కూడా. వాళ్లంతా మాత్రలు వేసుకున్నారని కాదు నా ఉద్దేశం, ఎక్కువమందిలో కారణం అవసరానికి మించి తాగడమే. మాత్ర ఆ ముప్పుకు తోడవుతుంది.

కాబట్టి కడుపు మంట రాని పెయిన్‌కిల్లర్ పేరు నేను చెప్పను. పరిగెత్తడానికి వేసుకునే పెయిన్‌కిల్లర్ ఏదైనా వద్దు. ఇంట్లో ఉన్నప్పుడు నొప్పి భరించలేకపోతే పారాసెటమాల్ గురించి మిమ్మల్ని చూసిన డాక్టర్‌ను అడగండి, అది కూడా మోతాదు మించకుండా, లివర్ సమస్య ఏదీ లేకపోతేనే. మలం నల్లగా వస్తే, కళ్లు తిరిగితే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి.

నెలసరి సంగతి. ట్రైనింగ్‌లో మామూలే అని ఎవరన్నారో గానీ అది తప్పు. తరచుగా కనిపించడం వేరు, మామూలు కావడం వేరు. పెళ్లయినవారు, 36 ఏళ్లు, కాబట్టి ముందు ప్రెగ్నెన్సీ టెస్ట్ చేసుకోండి, ఎంఆర్‌ఐ కంటే ముందే, ఇవాళే. అది నెగెటివ్ అయితే థైరాయిడ్, ప్రోలాక్టిన్ లాంటి హార్మోన్ పరీక్షలు గైనకాలజిస్ట్ చూసుకుంటారు. అవన్నీ బాగుంటే మిగిలేది, నాకు బలంగా అనుమానం ఉన్నది, తిండి చాలకపోవడం. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిపుణులు 2014లో దీనికి రెడ్–ఎస్ అని పేరు పెట్టారు. ఖర్చుకు తగ్గ శక్తి అందనప్పుడు శరీరం ముందు గర్భధారణకు సంబంధించిన హార్మోన్లను తగ్గించేస్తుంది, ఈస్ట్రోజెన్ పడిపోతుంది, అది తగ్గితే ఎముక బలహీనపడుతుంది. కాలి నొప్పికీ ఆగిన నెలసరికీ మూలం ఒకటే అయి ఉండొచ్చు అనడం అందుకే. మగవాళ్లకు కూడా ఇది వస్తుంది, వాళ్లకు గుర్తుపట్టడానికి నెలసరి లాంటి గుర్తు లేదు కాబట్టి ఇంకా ఆలస్యంగా తెలుస్తుంది.

చిన్న లెక్క చూడండి. కిలో బరువుకు కిలోమీటరుకు సుమారు ఒక క్యాలరీ ఖర్చవుతుంది. 48 కిలోలు, వారానికి 85 కిలోమీటర్లు అంటే దాదాపు 4,000 క్యాలరీలు, రోజుకు 580 దాకా. ఇది మామూలు మనిషి తిండికి పైన అదనంగా కావాల్సింది. మీరేమో రాత్రి అన్నం తీసేశారు. రాత్రి భోజనం ఈ రోజే మళ్లీ మొదలుపెట్టండి. మన కడప వైపు సంగటి ఉండనే ఉంది, 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా క్యాల్షియం ఉంటుంది, పక్కన పప్పో, గుడ్డో, చికెనో, తర్వాత పెరుగు. నెలసరి తెప్పించడానికి ఎవరైనా గర్భనిరోధక మాత్రలు రాస్తామంటే కారణం అడగండి. వాటితో వచ్చే బ్లీడింగ్ మాత్ర వల్ల వచ్చేదే, ఎముక కోలుకుందనడానికి గుర్తు కాదు.

ఐరన్ మాత్రలు ఊరికే మొదలుపెట్టొద్దు. హిమోగ్లోబిన్‌తో పాటు ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ పరీక్ష చేయించండి, తక్కువ ఉంటే డాక్టర్ చెప్పినట్టు వాడాలి, కాఫీ టీలకు గంటైనా ఎడంగా. పెయిన్‌కిల్లర్ వల్ల కడుపులో కొద్దికొద్దిగా రక్తం పోతుంటే ఎన్ని ఐరన్ మాత్రలు మింగినా నిండదు, గ్యాస్ మాత్ర ఎక్కువకాలం వాడితే ఐరన్ ఒంటికి పట్టడమూ తగ్గుతుంది. ఒకదాని కోసం ఒకటి వేసుకుంటూ పోతే ఇలాగే అవుతుంది. విటమిన్ డి కూడా చూడమనండి, తెల్లవారకముందే పరిగెత్తి పగలంతా ఆఫీసులో ఉండేవాళ్లకు ఎండ తగిలేదెప్పుడు? ఎముకల సాంద్రత చూసే డెక్సా స్కాన్ అవసరమా లేదా అన్నది మీ డాక్టర్ నిర్ణయిస్తారు.

బీట్‌రూట్ రసం కొంతమందికి కాస్త పనిచేయొచ్చు, బాగా శిక్షణ ఉన్నవాళ్లలో అంత తేడా కనిపించదు. తాగితే తాగండి. కానీ అది తాగాక మూత్రం ఎర్రగా రావచ్చు, అదే బీట్‌రూట్ రంగు అనుకుని, లాంగ్ రన్ తర్వాత కోలా రంగులో వచ్చే మూత్రాన్ని వదిలేసినవాళ్లు ఉన్నారు. అది కండరాలు దెబ్బతిని కిడ్నీకి ముప్పు వచ్చిన సూచన కావచ్చు, అలా కనిపిస్తే నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి.

మీ 3:25 లెక్కలో తప్పేమీ లేదు. అర్హత సమయం అందుకున్నా అందరికీ సీటు రాదు, 2026 రేసుకు దానికంటే 4 నిమిషాల 34 సెకన్లు వేగంగా పరిగెత్తినవాళ్లకే దొరికింది. అంటే ఇప్పుడు మీరు కిలోమీటరుకు మరో 20 సెకన్లు తగ్గించాలి, పగిలిన ఎముకతో, తిండి తగ్గించి అది జరగదు. పరుగు మానేయమన్న మీ ఆయన మాటతో నేను ఏకీభవించను, ఆయన భయం అర్థమైనా సరే. మీరు మళ్లీ పరిగెత్తాలనే నా కోరిక. బోస్టన్ ఏటా ఏప్రిల్‌లో ఉంటుంది, 40 ఏళ్లు నిండితే ఇప్పటి నిబంధనల ప్రకారం ఆడవాళ్లకు అర్హత సమయం 3:35.

ఈ వారంలోనే స్పోర్ట్స్ మెడిసిన్ డాక్టర్‌నో ఆర్థోపెడిక్ డాక్టర్‌నో కలవండి, ఫిజియో ఒక్కరితో సరిపెట్టొద్దు, గైనకాలజిస్ట్‌ను వేరుగా చూడండి. వాడిన మాత్రల స్ట్రిప్ వెంట తీసుకెళ్లండి, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష కూడా అడగండి. ఈలోపు ఒంటికాలి మీద గెంతి నొప్పి ఉందో లేదో చూసుకునే ప్రయోగాలు వద్దు. నడిచినా నొప్పి వస్తుంటే ఊతకర్ర పట్టుకునే నడవండి, గజ్జల్లో గానీ తుంటి దగ్గర గానీ నొప్పి మొదలైతే అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా అదే రోజు వెళ్లండి. రిపోర్టులు వచ్చాక మళ్లీ రాయండి. ఈసారి మీ ఎత్తు, రోజంతా ఏం తింటున్నారో కూడా రాయండి.