పెరాక్సైడ్ వేసినా నురగ రాకపోతే?

ప్రశ్న: మా బీగిల్ బ్రూనోకి రెండేళ్లు. ఏడాది నిండకముందే చిగుళ్ల మీద పుండ్లు మొదలయ్యాయి. పళ్లు క్లీనింగ్ చేయిస్తే తగ్గి మళ్లీ వస్తున్నాయి. ఒక పన్ను కదులుతోంది, నోరు బాగా వాసన. ఎవరో చెబితే హైడ్రోజన్ పెరాక్సైడ్ దూదితో అద్దాను. నురగ రాలేదు, పుండు దగ్గర రక్తం నల్లబడింది. టెన్షన్‌గా ఉంది.
- ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ముందు ఆ సీసా పక్కన పెట్టేయండి. బ్రూనో నోట్లో ఇంకోసారి వేయకండి. ఏదైనా మింగితే కక్కించడానికి కూడా పెరాక్సైడ్ తాగించకండి.

మామూలుగా రక్తం తగలగానే పెరాక్సైడ్ బుసబుస పొంగుతుంది. రక్తంలోని కాటలేజ్ అనే ఎంజైమ్ దాన్ని నీరుగా, ఆక్సిజన్‌గా విడగొట్టడం వల్లే ఆ నురగ. కొన్ని బీగిళ్లలో ఈ ఎంజైమ్ పుట్టుకతోనే చాలా తక్కువ. దీన్ని అకాటలసీమియా అంటారు. మనుషుల్లో దీన్ని మొదట గుర్తించింది జపాన్ ఈఎన్‌టీ డాక్టర్ షిగెవో తకహారా. 1940ల్లో ఒక బాలిక నోటి పుండుకు ఆపరేషన్ చేసి పెరాక్సైడ్ పోస్తే, మీరు చూసినట్టే నురగ రాకుండా రక్తం నల్లబడింది.

మరి నోటికే ఎందుకు? చిగుళ్ల సందుల్లో ఉండే కొన్ని బ్యాక్టీరియా స్వయంగా పెరాక్సైడ్ తయారు చేస్తాయి. కాటలేజ్ ఉంటే అది అక్కడికక్కడే విరిగిపోతుంది. లేకపోతే హిమోగ్లోబిన్‌ను పాడుచేస్తుంది, ఆ చోటికి ఆక్సిజన్ అందదు, కండ కుళ్లుతుంది, పన్ను వదులవుతుంది.

అయినా ఇప్పుడే ఇదేనని నేననను. ఈ జబ్బు అరుదు. పాత సీసాలో పెరాక్సైడ్ బలం తగ్గిపోయినా నురగ రాదు. కిడ్నీ చెడినా నోట్లో పుండ్లు వస్తాయి కాబట్టి క్రియాటినిన్ చూడాలి, పళ్లకు ఎక్స్‌రే తీయాలి. వెటర్నరీ క్లినిక్‌లో బ్రూనో రక్తం ఒక చుక్క గాజు పలక మీద వేసి, కొత్త సీసాలోని పెరాక్సైడ్ కలిపి చూడమనండి. అప్పుడూ పొంగకపోతే జన్యు పరీక్షకు పంపడం న్యాయం.

ఎంజైమ్‌ను తెచ్చిపెట్టే మందు లేదు. కానీ నోటిని కాపాడుకోవచ్చు. కదిలే పన్ను తీసేసి, కుళ్లిన కండ శుభ్రం చేసి, డాక్టర్ రాసిన యాంటీబయాటిక్ వాడితే పుండు మానే అవకాశం ఎక్కువ. తర్వాత రోజూ కుక్కల పేస్టుతో బ్రష్ చేయండి, మన పేస్టు వద్దు. నోట్లోని బ్యాక్టీరియాను చంపే క్లోర్‌హెక్సిడిన్ జెల్ పనికొస్తుంది.

జబ్బు తేలితే బ్రూనోను క్రాసింగ్‌కు ఇవ్వకండి. తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ లోపమున్న జన్యువు వస్తేనే ఇది బయటపడుతుంది. చూడ్డానికి ఆరోగ్యంగా ఉన్నా ఆ రెండూ క్యారియర్లు, అంటే లోపమున్న జన్యువును మోసేవి, కావచ్చు. కుక్కపిల్లను అమ్మిన బ్రీడర్‌కు ఫోన్ చేసి చెప్పండి, ఆ జతను మళ్లీ కలపకుండా ఉంటారు.