కొడుకు ఇండియా గోల్‌కీపర్ అవుతానంటున్నాడు, ఇంటర్ మాన్పించాలా?

హనుమకొండ నుంచి ఒక అన్న రాశారు. కొడుక్కి పదిహేడేళ్లు, ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ, ఎత్తు ఐదడుగుల పది అంగుళాలు, జిల్లా జట్టుకు గోల్‌కీపర్‌గా ఆడాడు. ఇప్పుడు కాలేజీ మానేసి ఫుట్‌బాల్ మీదే ఉంటానంటున్నాడట. హైదరాబాద్‌లో ఒక అకాడమీ వాళ్లు లక్షన్నర కడితే నేషనల్ సెలక్షన్ సంగతి మేం చూసుకుంటాం అన్నారట. దేశం జట్టుకు కీపర్‌ని అసలు ఎట్లా ఎంచుకుంటారు, మావాడి ఎత్తు సరిపోతుందా, చదువు ఆపాలా అని అడిగారు.

అన్నా, ముందు ఆ లక్షన్నర. కట్టకండి. ఇండియా టీమ్‌కు దరఖాస్తూ లేదు, ఫీజూ లేదు. హెడ్ కోచ్, గోల్‌కీపింగ్ కోచ్ కలిసి క్లబ్ మ్యాచులు చూస్తారు, నచ్చినవాళ్లను క్యాంపుకు పిలుస్తారు, అందులో ముగ్గురో నలుగురో కీపర్లు ఉంటారు, మ్యాచ్ రోజు ఆడేది మాత్రం ఒక్కడే. ఈ వరసలో ఏ అకాడమీ కూడా "మేం చూసుకుంటాం" అనడానికి చోటే లేదు. మంచి కోచింగ్ ఇస్తాం అని డబ్బులు అడిగితే అది వేరే మాట, సెలక్షన్ అమ్ముతామంటే మాత్రం అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

ఇక ఎట్లా ఎంచుకుంటారు అంటారా, ఎగిరి పట్టే సేవ్‌లు చూసి అని మీవాడు అనుకుంటూ ఉంటాడు. ఆ వయసులో అందరూ అట్లాగే అనుకుంటారు. కోచ్‌లు చూసేది వేరు. కార్నర్ వచ్చినప్పుడు బయటికి రావాలా, గోల్ లైన్ మీదే ఉండాలా అనే నిర్ణయం ఎంత తొందరగా తీసుకుంటున్నాడు, ముందున్న డిఫెండర్లను గొంతెత్తి సర్దుతున్నాడా, సొంత ఆటగాడు బంతిని వెనక్కి తనకే ఇస్తే (బ్యాక్‌పాస్) కంగారు లేకుండా కాలితో ఆడగలడా. వీటన్నిటికంటే ఎక్కువగా, తప్పు చేశాక ఎట్లా ఉంటున్నాడు.

2024 నవంబర్ 18న గచ్చిబౌలిలో ఇండియా, మలేషియా మ్యాచ్ జరిగింది, మీవాడు చూసే ఉంటాడు. 19వ నిమిషంలో మన కీపర్ గుర్‌ప్రీత్ సింగ్ సంధు గోల్ వదిలి ముందుకు ఉరికాడు, బంతి అందలేదు, ఖాళీ గోల్‌లోకి మలేషియా వాళ్లు కొట్టేశారు. చివరికి మ్యాచ్ 1-1. ఏళ్ల తరబడి మనకు నంబర్ వన్‌గా ఉన్న మనిషి ఆయన, 2023 శాఫ్ (దక్షిణాసియా కప్పు) ఫైనల్లో కువైట్ మీద పెనాల్టీ షూటౌట్‌లో ఆఖరి కిక్ ఆపి కప్పు గెలిపించినవాడు. అయినా 2025 మార్చిలో ప్రకటించిన జట్టులో ఆయన పేరు లేదు, విశాల్ కైత్ గోల్‌లోకి వచ్చాడు. ఆ ఒక్క తప్పు వల్లే తీసేశారని నేననను. ఆ తర్వాత ఖాలిద్ జమీల్ కోచ్‌గా వచ్చి మళ్లీ పిలిచాడు, అదే ఏడాది సెప్టెంబర్‌లో కాఫా (మధ్య ఆసియా) నేషన్స్ కప్ మూడో స్థానం మ్యాచ్‌లో ఒమన్ చివరి పెనాల్టీని ఆపింది మళ్లీ ఈయనే. పది నెలల్లో ఇంత జరిగింది. దీన్ని తట్టుకునే గుండె మీవాడికి ఉందా లేదా అన్నది నాకు ఎత్తు కంటే పెద్ద ప్రశ్న.

ఎత్తు గురించి కూడా ఉన్నదున్నట్టు చెప్తాను. గుర్‌ప్రీత్ ఆరడుగుల ఆరంగుళాలు. గోల్ వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44 మీటర్లు, పొడుగు చేతులున్నవాడికి అది సులువవుతుందని అందరికీ తెలుసు, సెలక్టర్లకు ఇంకా బాగా తెలుసు. మెక్సికోకు ఆడిన హోర్హె కాంపోస్ ఐదడుగుల ఆరంగుళాలే, కానీ అట్లాంటివాళ్లు చాలా అరుదు. మీవాడు ఇంకో అంగుళమో రెండో పెరగొచ్చు, పెరగకపోతే మాత్రం పక్క నుంచి గాల్లో వచ్చే క్రాస్ బంతులు పట్టడంలో, ముందుకొచ్చే వేగంలో పొడుగువాళ్లను మించాలి. ఎత్తు పెంచే పొడులు కొనకండి. వయసు తగ్గించి సర్టిఫికెట్ చేయిస్తామని ఎవరైనా వస్తే అదీ వద్దు, జూనియర్ పోటీల్లో మణికట్టు ఎక్స్‌రే తీసి వయసు చూస్తారు, దొరికితే అంతా అక్కడే ఆగిపోతుంది.

నేను అన్నిటికంటే గట్టిగా చెప్పేది ఒకటుంది. ఫార్వర్డ్ అయితే చివరి ఇరవై నిమిషాలకైనా దింపుతారు, కీపర్‌ని అట్లా దింపరు. పెద్ద పేరున్న అకాడమీలో మూడో కీపర్‌గా బెంచ్ మీద రెండేళ్లు కూర్చుంటే, బంతి ఎప్పుడు వదలాలో ఎప్పుడు పట్టాలో తెలిసే తెలివి రానే రాదు, అది మ్యాచుల్లోనే వస్తుంది. కాబట్టి ఎక్కడ చేర్చినా ముందు ఒకటే అడగండి, మావాడికి ఏడాదికి ఎన్ని మ్యాచులు ఆడే అవకాశం ఉంటుంది అని. అర్జెంటీనా కీపర్ ఎమిలియానో మార్టినెజ్ ఇంగ్లండ్ క్లబ్ ఆర్సెనల్‌లో ఉన్న పదేళ్లలో ఆరు వేరే క్లబ్బులకు అద్దె మీద తిరిగాడు, దేశానికి మొదటి మ్యాచ్ 28 ఏళ్లకు, 2021లో ఆడాడు. మరుసటి ఏడాదే ప్రపంచ కప్పు. కీపర్ల లెక్క ఇట్లా నిదానంగా ఉంటుంది, పదిహేడేళ్లకు టెన్షన్ పడాల్సిన పని లేదు.

మన దగ్గర నుంచి వెళ్లలేరన్న దిగులు కూడా వద్దు. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో హైదరాబాదీ కోచ్ రహీం సాబ్, సెమీస్ ఆడిన ప్రద్యుత్ బర్మన్‌ని పక్కన పెట్టి ఫైనల్‌కు పీటర్ తంగరాజ్‌ని గోల్‌లో నిలబెట్టారు, దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చారు. ఆ తంగరాజ్ సికింద్రాబాద్ క్లబ్బుల్లో ఆట మొదలుపెట్టి, సైన్యంలో చేరినవాడు, కీపర్ కాకముందు సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడాడు. ఇప్పుడు ఇండియా మహిళల జట్టుకు ఆడుతున్న గుగులోత్ సౌమ్య మన నిజామాబాద్ జిల్లా అమ్మాయే.

చదువు ఆపకండి. 2022లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఐఎస్ఎల్ (దేశంలో పెద్ద ఫుట్‌బాల్ లీగ్) గెలిచినప్పుడు కీపర్ కట్టిమణి షూటౌట్‌లో మూడు పెనాల్టీలు ఆపాడు, మనం ఎగిరి గంతేశాం. నాలుగేళ్లు తిరగకముందే, 2025లో, ఆ క్లబ్ ఢిల్లీకి వెళ్లిపోయింది, అదే ఏడాది లీగ్ సీజనే ఎప్పుడు మొదలవుతుందో తెలియక ఆటగాళ్లు నెలలు ఎదురుచూశారు. అంత పైకి వెళ్లినవాళ్ల పరిస్థితే అది. ఇంటర్ మానొద్దు, కానీ రాత్రి తొమ్మిదింటి దాకా స్టడీ అవర్స్ పెట్టే కాలేజీ అయితే డే స్కాలర్‌గా మార్పించండి, ఎంపీసీ బరువైతే వేరే గ్రూప్ తీసుకున్నా నేను తప్పు పట్టను. డిగ్రీ ఉంటే యూనివర్సిటీ జట్టు, స్పోర్ట్స్ కోటా, రైల్వే, సర్వీసెస్ (సైన్యం జట్టు), ఇవన్నీ తెరిచే ఉంటాయి. మన రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడాకారులకు 2 శాతం ఉంది. కాజీపేట పక్కనే ఉన్న మీకు రైల్వే ఉద్యోగం విలువ నేను చెప్పక్కర్లేదు.

ఒక పని చేయండి. మీవాడు ఈసారి మ్యాచ్ ఆడే రోజు డ్యూటీ మార్చుకుని వెళ్లి, గోల్ వెనక నిలబడి చూడండి, అతనికి చెప్పకుండానే. గోల్ పడ్డాక ఐదు నిమిషాలు ఏం చేస్తున్నాడు, అరుస్తున్నాడా, తల దించుకుంటున్నాడా, బంతి మళ్లీ మధ్యకు పోయేలోపే డిఫెండర్లతో మాట్లాడుతున్నాడా, చూసి నాకు రాయండి. ఏ అకాడమీ అన్నది అప్పుడు మాట్లాడుకుందాం.