అడుగు చిన్నది చేసుకో, తల మాత్రం దించకు

నడక, నిలకడ గురించి పాఠకుల ప్రశ్నలకు విజయనగరం నాట్యం టీచరు జవాబులు

ప్రశ్న: మేడం, మాది ఆమదాలవలస దగ్గర పల్లె. నాకు 26 ఏళ్లు. పుట్టినప్పుడు అబ్బాయని రాశారు గానీ ఊహ తెలిసినప్పటి నుంచీ నేను అమ్మాయినే. ఏడాదిగా విజయనగరంలో గది తీసుకుని టైలరింగ్ షాపులో పని చేసుకుంటున్నాను. చుడీదార్లు వేసుకుంటాను, పండక్కి చీర కడతాను. జుట్టు పెరిగింది, గొంతు కూడా సాధనతో కొంత మెత్తబడింది. నడక దగ్గరే దొరికిపోతున్నాను. మొన్న గంటస్తంభం దగ్గర వెనక నుంచి ఎవరో "ఏటా నడక, కర్ర మింగినట్టు" అన్నారు. ఫోనులో వీడియోలు చూసి నడుము తిప్పితే ఇంకా నవ్వుతున్నారు. నా ఎత్తు ఐదడుగుల తొమ్మిది అంగుళాలు. ఈ వయసులో నడక నేర్చుకుంటే వస్తుందా? హార్మోన్ మందులు వాడితే దానంతట అదే మారుతుందా?
– పేరు వద్దు, విజయనగరం

జవాబు: తప్పకుండా వస్తుంది తల్లీ. ఏడాది పిల్లల్ని చూడు, ఆడైనా మగైనా ఒకేలా తప్పటడుగులు వేస్తారు. ఆ తరవాత చుట్టుపక్కల వాళ్లను చూసి, "ఆడపిల్లవి, మెల్లగా" అనో "మగాడివి, చాతీ విరుచుకో" అనో అనిపించుకుని, ఎవరి నడక వాళ్లకు పట్టుబడుతుంది. అలా పట్టుబడిన దాన్ని సాధనతో మార్చుకోవచ్చు.

ఎముకల వల్ల వచ్చే తేడా కూడా కొంత ఉంది. సగటున ఆడవాళ్లకు కటి వెడల్పు, మగవాళ్లకు భుజాలు వెడల్పు. హార్మోన్లు ఒంట్లో కొవ్వు చేరే చోటును మారుస్తాయి, కండ కొంత తగ్గిస్తాయి. ఎదుగుదల ఆగిపోయిన ఎముకను మార్చవు, నడకను అసలే మార్చవు. మందుల షాపులో అడిగి సొంతంగా మాత్రలు వేసుకోకు. రక్తపరీక్షలు చేయించే హార్మోన్ల డాక్టరు (ఎండోక్రైనాలజిస్టు) దగ్గరకే వెళ్లు.

ఇక అసలు సంగతి. నువ్వు నడుము దగ్గర మొదలుపెట్టావు, అందుకే కుదరలేదు. భుజాల దగ్గర మొదలుపెట్టాలి. 1977లో అమెరికాలో కోజ్లోవ్‌స్కీ, కటింగ్ అనే పరిశోధకులు నడిచేవాళ్ల కీళ్ల దగ్గర మెరిసే పట్టీలు అంటించి, మనిషి కనబడకుండా ఆ చుక్కలు మాత్రమే కదిలేలా చూపించారు. ముఖం లేదు, జుట్టు లేదు, బట్టలు లేవు. అయినా చూసినవాళ్లు ఆడో మగో చాలాసార్లు సరిగ్గానే పోల్చారు. ఆ తరవాత కటింగ్ తేల్చింది ఏమిటంటే, భుజాల కదలికకూ తుంటి కదలికకూ మధ్య ఉండే లెక్కే మన కంటికి ఆ సంగతి చెబుతుందట. మగ నడకలో భుజాలు ఎక్కువ ఊగుతాయి, ఆడ నడకలో తుంటి ఎక్కువ కదులుతుంది. నువ్వు భుజాలు ఊపుతూనే నడుము కూడా తిప్పుతున్నావు. రెండూ ఊగితే చూసేవాళ్లకు అది నడకలా అనిపించదు, నటనలా అనిపిస్తుంది.

ఇది కళ్లారా చూడాలంటే పూసపాటిరేగ, భోగాపురం తీరం నుంచి చేపలు తెచ్చి అమ్మే ఆడవాళ్లను చూడు. తల మీద చుట్టకుదురు, దాని మీద తట్ట. తల కదలదు, మెడ కదలదు, భుజాలు రెండూ ఒక్క ఎత్తులో ఉంటాయి. కదలికంతా నడుము కిందే. అడుగు చిన్నది, పాదం నేలకు దగ్గరగా జారినట్టు పడుతుంది, కానీ ఎంత వేగం! వాళ్లెవరూ వయ్యారం ఒలకబోయడం లేదు. బరువు కుదురుగా మోస్తున్నారు, అంతే. నా శిష్యురాళ్లకు నడక చెప్పాల్సి వచ్చినప్పుడల్లా నేను వాళ్లనే చూడమంటాను. వీడియోల్లో ర్యాంపు మీద నడిచే అమ్మాయిలు కాలి మీద కాలు వేసినట్టు నడుస్తారే, అది బట్టలు చూపించడానికి పుట్టిన నడక. మన గుంతల రోడ్ల మీద అలా నడిస్తే బోర్లా పడతాం.

ముందు నిలబడడం నేర్చుకో. గోడకు వీపు ఆనించు. మడమలు గోడకు రెండు మూడు అంగుళాల దూరంలో ఉంచు. పిర్రలు, రెక్కల ఎముకలు, తల వెనక భాగం గోడకు తగలాలి. నడుము వెనక అరచెయ్యి దూరేంత సందు ఉంటే చాలు. పిడికిలి పట్టేస్తే నడుము మరీ విరిచేశావన్నమాట. అలా విరిచి నడిస్తే నడుంనొప్పి రావచ్చు. గడ్డం నేలకు సమాంతరంగా ఉండాలి. భుజాలు ఒకసారి చెవుల దాకా ఎత్తి, వెనక్కి తిప్పి, కిందికి వదిలెయ్యి. వాటి చోటు అది. ఎత్తు ఎక్కువని నువ్వు వంగుతున్నావేమోనని నా అనుమానం. పొడుగు ఆడవాళ్లలో చాలామందికి ఉన్న అలవాటే. వంగితే ఎత్తు తగ్గదు, మెడ ముందుకొచ్చి భుజాలు ఇంకా పెద్దగా కనబడతాయి. మన వైపు ఐదడుగుల తొమ్మిది ఉన్న ఆడవాళ్లు తక్కువే గానీ లేకపోలేదు. హాయిగా నిటారుగా ఉండు.

తరవాత అడుగు. గదిలో టైల్స్ ఉంటే వాటి మధ్య గీతే నీ దారి. గచ్చు నేలైతే సుద్దముక్కతో గీసుకో. పాదాలు గీతకు అటూ ఇటూ ఆనుకుని పడాలి, గీత మీద కాదు. ఇప్పుడు వేసే అడుగులో మూడో వంతు తగ్గించు. వేగం తగ్గించకు, అడుగుల సంఖ్య పెంచు. మడమ దభీమని కొట్టకుండా, చప్పుడు కాకుండా ఆనాలి. అన్నిటికంటే ముఖ్యం, ఒక పాదం మీదికి బరువు పూర్తిగా వచ్చాకే రెండోది లేపు. అలా చేస్తే బరువు మోసే వైపు తుంటి తనంతట తనే కాస్త పక్కకు వెళ్తుంది, కాలు లేచిన వైపు కాస్త దిగుతుంది. నువ్వు తిప్పాలనుకున్న నడుము అదే. దాన్ని తిప్పనక్కర్లేదు, రానిస్తే చాలు.

చేతులు ఒంటికి దూరంగా వేలాడనివ్వకు. మోచేతులు నడుముకు దగ్గరగా, అరచేతులు తొడల వైపు. ఊపు మోచేతి నుంచి కిందికే. భుజానికి బ్యాగు తగిలించుకుంటే ఒక చెయ్యి దాన్ని పట్టుకుంటుంది, సగం టెన్షన్ పోతుంది.

చీర కట్టుకునే రోజున సాధన ఇంకా సులువు, ఎందుకంటే పెద్ద అడుగు వెయ్యబోతే చీరే ఆపుతుంది. లోపలి లంగా మరీ ఇరుకు కాకుండా చూసుకో. కుట్టుపని చేసేదానివి, ఆ కొలతలు నీకు నేను చెప్పక్కర్లేదు. కుచ్చిళ్లు పాదం మీద పడేలా కట్టి, నడిచేటప్పుడు కాలి వేళ్లతో వాటిని కొద్దిగా ముందుకు నెట్టుతూ అడుగు వెయ్యాలి. మెట్లెక్కేటప్పుడు, ఆర్టీసీ బస్సు ఎక్కేటప్పుడు కుచ్చిళ్లు ఒక చేత్తో కాస్త పైకి పట్టుకో. మొదట్లో నేత చీర మంచిది, పొందూరు ఖద్దరు లాంటిది. సిల్కులా జారదు. చెప్పులకు ఒక అంగుళం వెడల్పు మడమ చాలు. వదులు చెప్పులైతే ఈడ్చుకుంటూ నడవాల్సి వస్తుంది, వెనక పట్టీ ఉన్నవి కొనుక్కో.

అద్దం ముందు నడవకు. అద్దంలో కాళ్లు చూసుకుంటే తల దిగిపోతుంది. నమ్మకమైన స్నేహితురాలి చేత వెనక నుంచి, పక్క నుంచి ఫోనులో వీడియో తీయించుకో. రోజూ పది పదిహేను నిమిషాలు చాలు. ఒక వారం భుజాలే చూసుకో, ఆ తరవాత అడుగు. అన్నీ ఒకేసారి గుర్తుపెట్టుకుని నడవబోతే నిజంగానే కర్ర మింగినట్టు ఉంటుంది. మోకాలో నడుమో నొప్పి పెడితే ఆపి, ఫిజియోథెరపిస్టుకు చూపించు.

గదిలో కుదిరాక, పొద్దున్నే ఆడవాళ్లు నడకకు వచ్చే చోటికి వెళ్లు, అయ్యకోనేరు గట్టు లాంటి చోటికి. పక్కన తోడు ఉంటే మరీ మంచిది. మాట్లాడుకుంటూ నడిస్తే ఒంట్లో బిగువు పోతుంది. సాయంత్రం వేళ ఎవడైనా వెంటపడితే మాత్రం ఈ పాఠమంతా పక్కన పెట్టెయ్యి. ఎంత పెద్ద అడుగులు పడితే అంత పెద్దవి వేసుకుంటూ జనం ఉన్న షాపులోకి వెళ్లిపో, 112కు ఫోన్ చెయ్యి.

ఒక్క మాట గట్టిగా చెప్పాలని ఉంది. తన లింగం ఏదో చెప్పుకునే హక్కు మనిషిదేనని 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఆ తీర్పులో నడక పరీక్ష ఏమీ లేదు. నడక కుదరకపోతే నువ్వు ఆడపిల్లవి కాకుండా పోతావేమోనన్న భయం నీ ఉత్తరం నిండా కనిపించింది, నాకు చాలా బాధేసింది. పొలంలో పనిచేసే అమ్మ నడక ఒకలా ఉంటుంది, నర్సు నడక ఇంకోలా ఉంటుంది. నువ్వు వీధిలో బెదురు లేకుండా నడవాలి, అందుకే నేను ఇదంతా రాస్తున్నాను.

ప్రశ్న: అమ్మా, నేను పౌరాణిక నాటకాల ఆర్టిస్టుని, మగవాణ్ణి. ఈ మధ్య ఆడ ఆర్టిస్టు దొరక్క నాకు ద్రౌపది వేషం ఇచ్చారు. పద్యం బాగానే వస్తోంది గానీ నడిచేసరికి జనం ఈలలు వేస్తున్నారు.
– ఒక కళాకారుడు, బొబ్బిలి

జవాబు: బాబూ, నువ్వు ఏ ద్రౌపదిని నడిపిస్తున్నావో ముందు ఆలోచించు. నిండు సభలోకి ఈడ్చుకొచ్చిన మనిషి ఒయ్యారంగా నడుస్తుందా? నాట్యశాస్త్రంలో గతిప్రచారం అని ఒక అధ్యాయమే ఉంది. పాత్ర ఎవరు, ఏ వయసు, ఏ అవస్థలో ఉంది అన్నదాన్ని బట్టి నడక మారాలని అందులో ఉంటుంది. ఆడవేషాలకు మన తెలుగు నేలలో నాటకాల్లో స్థానం నరసింహారావు గారు, కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ గారు పేరు తెచ్చుకున్నారు. స్థానం వారికి 1956లో, శర్మ గారికి 1970లో పద్మశ్రీ వచ్చింది. ఆడదాన్ని ఎగతాళి చేసి తెచ్చుకున్న పేరు కాదది.

పైన విజయనగరం అమ్మాయికి చెప్పినట్టే భుజాలు నిలబెట్టు, అడుగు తగ్గించు, బరువు మార్చడం నేర్చుకో. స్టేజీ మీద వెనక వరసకు కూడా కనబడాలి కాబట్టి తిరిగేటప్పుడు ముందు కళ్లు, తరవాత తల, ఆ తరవాత ఒళ్లు తిరగాలి. అది కాస్త పెద్దది చేసినా ఫరవాలేదు. ఈలల కోసం నడుము తిప్పకు. నీ నాటకంలో ఆ నడక చూసి నవ్వినవాళ్లే మర్నాడు బజార్లో ఆ అమ్మాయిని చూసి కూడా నవ్వుతారు.

ప్రశ్న: మా పాప ఎనిమిదో తరగతి. ఆరు నెలలుగా గూని వచ్చినట్టు వంగి నడుస్తోంది. "ఆడపిల్లలా చక్కగా నడువు" అని రోజూ చెబుతున్నా వినదు.
– ఒక తల్లి, నరసన్నపేట

జవాబు: రోజూ చెప్పడం ఈరోజుతో ఆపెయ్యండమ్మా. ఆ వయసులో ఆడపిల్ల వంగి నడుస్తోందంటే ఎక్కువసార్లు ఒకటే కారణం, ఎదుగుతున్న ఛాతీ దాచుకోవాలనుకుంటుంది. దారిలో ఎవడో ఏదో అని ఉంటాడు, లేదా ఇంట్లోనే ఎవరో "చున్నీ సరిగా వేసుకో" అని నలుగురిలో అని ఉంటారు. తిట్టకుండా, ఒంటరిగా ఉన్నప్పుడు అడగండి. సరైన కొలత లోదుస్తులు ఉన్నాయో లేదో చూడండి. మన ఇళ్లలో ఈ సంగతి అడగడానికి తల్లులు కూడా సిగ్గుపడతారు, పిల్ల అవస్థ పడుతూనే ఉంటుంది.

స్కూలు బ్యాగు ఒక భుజానికే వేలాడుతుంటే రెండు పట్టీలూ వేసుకోమనండి, పట్టీలు బిగించి బ్యాగు నడుము కిందికి జారకుండా చూడండి. ఒకసారి పాపను ముందుకు వంగమని వెనక నుంచి చూడండి. వీపు ఒక పక్క ఎత్తుగా కనిపించినా, భుజాలు హెచ్చుతగ్గులుగా ఉన్నా ఆలస్యం చెయ్యకుండా ఎముకల డాక్టరుకు చూపించాలి. వెన్ను పక్కకు వంగే జబ్బు ఎక్కువగా ఈ ఎదిగే వయసులోనే బయటపడుతుంది. అలాంటిదేమీ లేకపోతే ఆటల్లో వెయ్యండి. కబడ్డీ అయినా సరే, ఈత అయినా సరే, పాప ఏది ఇష్టపడితే అది.