తాళం వేసే ఇంటికి సున్నం

మెట్టుగూడ, సికింద్రాబాద్

చి. అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మొన్న రాత్రి ఫోన్లో మన రెజిమెంటు మూసివేత గురించి నువ్వన్న మాట ఇంకా చెవిలోనే ఉంది. "ఇంకో ఆర్నెల్లలో తాళం వేసే ఇంటికి ఇప్పుడు సున్నం ఎందుకు మామయ్యా?" అన్నావు. నేనేదో చెప్పబోతే మీ అత్తయ్య "పదకొండయింది, పిల్లాణ్ణి పడుకోనివ్వండి" అని ఫోన్ లాక్కుంది. నాకు మాత్రం నిద్ర పట్టలేదు. నీ మీద కోపం వచ్చి కాదు. ఒకప్పుడు నేనూ ఇదే మాటన్నాను, దాని ఫలితం చూశాను. ఫోన్లో అయితే సగం మింగేస్తానని కాగితం మీద పెడుతున్నాను. నైట్ డ్యూటీ దిగి, నిద్రపోయి లేచాక తీరిగ్గా చదువు.

మూసివేత ఆర్డర్ గురించి నువ్వూ నీ వాళ్ళూ ఇంకా వాదించుకుంటున్నట్టున్నారు. ఆ వాదన ఆపండి. 2024 సెప్టెంబరులోనే రైల్వే బోర్డు తేల్చేసింది. మనలాంటి రైల్వేవాళ్ళు ఉద్యోగం చేస్తూనే యూనిఫాం వేసుకునే రైల్వే టెరిటోరియల్ ఆర్మీ (టీఏ)లో ఉన్నవి ఆరు రెజిమెంట్లు. ఝాన్సీ, కోట, ఆద్రా, చండీగఢ్, మన సికింద్రాబాద్ పోతాయి. బీహార్‌లోని జమాల్‌పూర్ ఒక్కటే ఉంటుంది, అదీ న్యూ జల్‌పాయ్‌గురి నుంచి సిలిగురి మీదుగా రంగియా దాకా ఉన్న లైను కోసం. మూసివేతకి తొమ్మిది నెలల గడువు. 1949 అక్టోబరు 9న రాజాజీ గవర్నర్ జనరల్‌గా ఉండి ప్రారంభించిన టీఏకి మొన్న అక్టోబరుకి 75 ఏళ్ళు నిండాయి. ఆ పండుగ ముందే మనకి ఈ కబురు రావడం నాకూ కష్టంగానే ఉంది. కానీ తప్పు నిర్ణయమని మాత్రం అనను. సరిహద్దులో ఉన్న ఆ సన్నటి లైనుకి యూనిఫాం వేసుకున్న రైల్వేవాళ్ళు కావాలి. కాజీపేటలో ఎందుకు కావాలో నేను కూడా గట్టిగా చెప్పలేను. ఈ మాట పాత సుబేదార్లతో అంటే నన్ను టీకి కూడా పిలవరు, అది వేరే సంగతి.

ఇక నీ ప్రశ్న. ఎలాగూ పోయే యూనిట్‌లో నువ్వెందుకు ముందు పడాలి?

రెగ్యులర్ ఆర్మీలో హవల్దారు పన్నెండు నెలలూ హవల్దారే. మనం ఏడాదికి ఒక నెల హవల్దార్లం. మిగతా పదకొండు నెలలు ఒకడు ఫిట్టరు, ఒకడు కీమన్, ఒకడు పాయింట్స్‌మన్. భుజం మీది మూడు ఫీతలు క్యాంపు గేటు దాకానే పనిచేస్తాయి. ఇది నాకు చెంపదెబ్బ కొట్టినట్టు తెలిసింది. నాయక్ అయిన మొదటి క్యాంపులో, పొద్దున వరసకట్టే ఫాలిన్‌లో అందరి ముందూ ఒకడి బూట్లు చూసి నోరు పారేసుకున్నాను. ఆయన వర్క్‌షాపులో నాకంటే తొమ్మిదేళ్ళు సీనియర్, చక్రాల లేత్ మీద ఆయన చెయ్యి పడితే మళ్ళీ కొలవక్కర్లేదు. ఆ రోజు "జీ సాబ్" అని ఊరుకున్నాడు. క్యాంపు ముగిసి షాపుకొచ్చాక, నాకు అర్జెంటుగా కావాల్సిన జాబ్ ఒకటి ఆయన టేబుల్ మీదికి వెళ్ళింది. నా జాబ్ కార్డు తీసి దొంతర అడుగున పెట్టాడు. పదకొండు రోజులు. ఒక్క మాట అనలేదు. పన్నెండో రోజు నేనే వెళ్ళి పక్కన నిలబడితే, "ఇప్పుడు చెప్పు నాయనా" అన్నాడు.

అప్పటినుంచి నాకొక లెక్క ఉంది. పార్ట్‌టైం యూనిట్‌లో మనం చేసే పెత్తనం క్యాంపులో కనిపిస్తుంది, మన మీద నమ్మకం మాత్రం ఆ పదకొండు నెలల్లోనే పుడుతుంది. యూనిట్ మూసేస్తే పోయేది ఆ ఒక్క నెల. నీ సెక్షన్‌లో ఉన్న ఆ పదిమందితో నువ్వు రిటైరయ్యేదాకా అవే షెడ్లలో, అవే ప్లాట్‌ఫారాల మీద బతకాలి. వాళ్ళు అరవయ్యో ఏట నీ గురించి ఏమనుకుంటారన్నది ఈ ఆర్నెల్లలోనే ఖాయమవుతుంది.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. చాలా ఏళ్ళ కిందట రెజిమెంటులో మా కంపెనీని తగ్గించి, మనుషుల్ని మిగతా వాటిలో కలిపారు. అప్పుడు నేనన్న మాటే నువ్వు మొన్న అన్నది. ఎవరికి వాళ్ళం కొత్త కంపెనీలో మన చోటు ఏమిటన్న టెన్షన్‌లో ఉన్నాం. ఒక గ్యాంగ్‌మన్ ఉండేవాడు, మా ప్లటూన్‌లో సిపాయి. మాటకారి కాదు. ఒకరోజు సాయంత్రం వచ్చి, చేతిలో టోపీ నలుపుతూ "సాబ్, నా క్యాంపులన్నీ కాగితాల్లో ఎక్కాయా?" అని అడిగాడు. "ఆఫీసు చూసుకుంటుంది లే, నువ్వెళ్ళు" అన్నాను. ఆఫీసు చూసుకోలేదు. పాత క్లర్కు బదిలీ అయ్యాడు, బస్తాల్లో కట్టిన ఫైళ్ళు ఒకచోటికి, మనుషులు ఇంకోచోటికి వెళ్ళారు. ఏళ్ళ తర్వాత మెడల్‌కి లెక్క కట్టేటప్పుడు అతని సర్వీసులో రెండు క్యాంపులు తక్కువ తేలాయి. క్యాంపు చేసినట్టు రికార్డుకెక్కించే పార్ట్ టూ ఆర్డర్ కాపీ అతని దగ్గర లేదు. ఈ కిటికీ నుంచి ఆ కిటికీకి రెండేళ్ళు తిరిగాడు. లీవు పెట్టుకుని తిరిగాడు, అది ఇంకో నష్టం. చివరికి వదిలేశాడు. అతని రిటైర్మెంట్ ఫంక్షన్‌లో నేనే దండ వేశాను. నవ్వుతూనే అన్నాడు: "అప్పుడొక జిరాక్సు తీయించుకోమని చెప్పుంటే బావుండేది సాబ్." జిరాక్సుకి అప్పట్లో అర్ధరూపాయి.

అందుకే నీకు చెప్పే మొదటి పని కాగితాలది. ఒక లాంగ్‌బుక్ తీసుకో. నీ సెక్షన్‌లో ఒక్కొక్కడికి ఒక పేజీ. పైన పేరు, టీఏ నంబరు, రైల్వే పీఎఫ్ నంబరు. కింద ఏ సంవత్సరం ఏ క్యాంపు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, పార్ట్ టూ ఆర్డర్ నంబరెంత, దాని కాపీ చేతిలో ఉందా లేదా. ఆ పక్కనే, ఆ నెల రైల్వే మస్టర్‌లో ఎలా పడిందో రాయి. చాలామంది ఈ రెండో సగం మరిచిపోతారు. ఆర్మీ వైపు అంతా సరిగ్గా ఉండి, డిపోలో మాత్రం ఆ నెల "ఆబ్సెంట్" అని పడి ఉన్నవాళ్ళని నేనే ముగ్గుర్ని చూశాను. జీతం తేడా, కోర్సు సర్టిఫికెట్లు, జమ చేయాల్సిన యూనిఫాం సామాను, ఐడెంటిటీ కార్డు అన్నీ ఆ పేజీలోనే. ఇంటి దగ్గర చెట్టు కింద ఒక ఆదివారం కూర్చోబెట్టు. టీ పెట్టించు. ఫోన్లో అడిగితే "అన్నీ ఉన్నాయి సాబ్" అంటారు. ట్రంకుపెట్టె తెచ్చి ముందు తెరిస్తే గానీ ఏది లేదో బయటపడదు.

దీనికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. నీ మనుషులతో నువ్వు మాట్లాడటానికి, నోట్‌బుక్‌లో రాసుకోవడానికి ఆర్డర్ కోసం ఎదురుచూసేవాణ్ణి హవల్దారు అనరు. అయితే ఆ పుస్తకం పట్టుకుని నేరుగా పెద్దాఫీసుకి వెళ్ళకు. ముందు నీ పై సుబేదారు, అదే నీ జేసీఓ సాబ్‌కి చూపించు. "సాబ్, మావాళ్ళవి ఏడు ఎంట్రీలు దొరకడం లేదు, ఇదిగో లిస్టు, మీరు ఊఁ అంటే మంగళవారం రెస్టులో నేనే వెళ్ళి రికార్డు చూసి వస్తాను" అని చెప్పు. సమస్యతో పాటు పరిష్కారం, తేదీ, మనిషి చేతికిస్తే ఎంత బిజీ సాబ్ అయినా కాదనడు. మీ కంపెనీ కమాండర్ కుర్రాడని విన్నాను. రైల్వేలో ఆఫీసరు, అతనికీ డివిజన్‌లో వంద పనులుంటాయి. ఈ మూసివేత అతనికీ కొత్తే. అతని ముందు అమాయకంగా నిలబడి "మమ్మల్ని ఏం చేస్తారు సాబ్" అని అడిగితే అతను మాత్రం ఏం చెబుతాడు పాపం?

సామాను దగ్గర మాత్రం నా మాట వేరు. అక్కడ చొరవ చూపించకు. స్టోరు, కోత్ (ఆయుధాల గది), డబ్బు, ఈ మూడింటిని రాతపూర్వకమైన ఆర్డర్ లేకుండా ముట్టుకోవద్దు. మూసేసే యూనిట్‌లో హ్యాండోవర్ అంటే అందరికీ తొందరే. "ఎలాగూ అంతా జమే కదా, ఇక్కడో సంతకం పెట్టు" అంటారు. లెడ్జరులో నలభై దుప్పట్లుంటే నలభై మడతలు నీ చేత్తో విప్పి లెక్కపెట్టు. పైన మంచివి రెండు పెట్టి లోపల చిరిగినవి చుట్టి ఉంచడం నాకు తెలిసిన విద్యే. రైఫిలు నంబరు బాడీ మీద చదువు, ట్యాగు మీద కాదు. తక్కువొస్తే తక్కువ అని రాసి, దాని కింద సంతకం పెట్టు. విచారణ బోర్డు కూర్చున్నప్పుడు అదే నిన్ను కాస్తుంది. నిన్ను చాదస్తుడంటారు. అననీ.

వాట్సాప్ గ్రూప్ గురించి కూడా చెప్పాలి. నువ్వు పంపిన ఆ ఫార్వర్డు, "రెజిమెంట్ రద్దు వాయిదా" అన్నది, కింద లెటర్ నంబరు లేదు, తేదీ లేదు, సంతకం లేదు. అలాంటిది చూసి ఒకడు కాగితాలు సర్దుకోవడం మానేస్తాడు, ఇంకొకడు ఆశపడి భార్యకి చెప్తాడు. వారానికొకసారి, ఆదివారం రాత్రి, నీకు ఖాయంగా తెలిసింది రెండు ముక్కల్లో పెట్టు. కొత్త సంగతి లేకపోతే "ఈ వారం కొత్తది ఏమీ లేదు" అని పెట్టు. నవ్వకు. ఆ ఒక్క వాక్యం కోసం ఎదురుచూస్తారు చూడు.

ఎవరో మూకుమ్మడి సంతకాలతో మహజరు పెడదామంటున్నారని చెప్పావు. షాపులో మనకి అలవాటే, యూనియన్ ఆఫీసుకి వెళ్తాం, జెండా పట్టుకుంటాం. అది అక్కడ మన హక్కు. యూనిఫాంలో అది కుదరదు. క్యాంపులో పిలిచి ఉన్నన్నాళ్ళూ నీ మీద ఆర్మీ యాక్టు ఉంటుంది, గుంపుగా అర్జీ పెట్టడం అక్కడ తప్పు కింద లెక్క. ఎవడి బాధ వాడు, వాడి పేరుతో, ప్రాపర్ చానెల్‌లో రాసుకోవాలి. రాయడం రాని వాడికి నువ్వు రాసిపెట్టు. పదిమందికి పది అర్జీలు రాయడం చెయ్యి నొప్పి పనే, కానీ ఆ పదీ ఫైల్లోకి వెళ్తాయి.

నేను చేరిన కొత్తలో మాకొక పాత సుబేదారు ఉండేవాడు. 1974 సమ్మె చూసినవాడు. మే 8 నుంచి 27 వరకు దేశమంతా బళ్ళు ఆగిన రోజుల్లో మన టీఏ వాళ్ళని పిలిపించి డ్యూటీలో పెట్టారు. యూనిఫాం వేసుకుని బండి నడిపినవాడూ రైల్వేవాడే, ఉద్యోగం పోయి గేటు బయట నిలబడ్డవాడూ రైల్వేవాడే. సమ్మె ముగిశాక ఇద్దరూ అదే లైనులో నిలబడి హాజరు వేయించుకోవాలి. ఎలా నెగ్గుకొచ్చారు సాబ్ అని అడిగితే ఆయన చెప్పింది ఇది: ఆ ఇరవై రోజుల్లో తన ప్లటూన్‌లో ఒక్కణ్ణి కూడా గేటు బయటి వాళ్ళని చూసి నవ్వనివ్వలేదట. డ్యూటీ దిగాక యూనిఫాంలో బస్తీలోకి వెళ్ళనివ్వలేదట. ఆర్డర్లలో ఈ రెండూ లేవు. ఆయనకై ఆయన పెట్టుకున్నవి. జూన్‌లో షాపులో ఆయన పక్కన కూర్చుని టిఫిన్ బాక్సు విప్పినవాడు ఒకడున్నాడంటే అందుకేనట. సమ్మెలో ఎవరిది న్యాయమన్న సంగతి ఆయన ఎప్పుడూ ఎత్తలేదు, నేనూ అడగలేదు.

నీకూ అలాంటిది ఒకటి వస్తుంది. జమాల్‌పూర్ ఉంటుంది, మనం పోతాం అన్న కడుపుమంటతో ఎవడో బీహార్ వాళ్ళ మీద జోకులు మొదలుపెడతాడు. మొదటి జోకుకే ఆపు.

ఈలోగా క్యాంపుకి పిలిస్తే మాత్రం దాన్ని పిక్నిక్ కానివ్వకు. చివరిదే కదా అని పీటీకి సగం మంది రారు, డ్రిల్లు చేసేవాడు చెయ్యి ఊపుతాడు. నీ సెక్షన్ మటుకు మొదటి క్యాంపులో ఎలా నిలబడిందో అలాగే నిలబడాలి. మూడేళ్ళ కిందట చేరిన కుర్రాళ్ళున్నారు, వాళ్ళకి ఇంతవరకు దక్కిందే తక్కువ. పట్టాలు కలపడం, పడిపోయిన వ్యాగన్‌ని జాకీలతో లేపడం, చీకట్లో సిగ్నల్ లేకుండా బండి పాస్ చేయడం వాళ్ళ చేతులకి అలవాటు చెయ్యి. రేపు ఎక్కడో లైనుకి వరదొస్తే ఆ చేతులు ఏ యూనిఫాంలో ఉన్నాయని ఎవరూ అడగరు.

ఆ తర్వాత సికింద్రాబాద్‌లోనే ఉన్న 125 ఇన్‌ఫెంట్రీ బెటాలియన్ టీఏకి ప్రయత్నించనా అన్నావు. అది ఆర్మీలోని గార్డ్స్ రెజిమెంటు వాళ్ళది, దారి వేరు. అక్కడ నెల క్యాంపు లెక్క కాదు; పిలిస్తే ఏడాదులు కూడా బయట ఉండాల్సి వస్తుంది. డిపార్ట్‌మెంట్ నుంచి ఎన్ఓసీ కావాలి, వయసు చూస్తారు. దాని గురించి ముందు అమ్మాయితో మాట్లాడు, తర్వాత నాతో.

వచ్చే ఆదివారం నీకు రెస్టు కదా. ఏ బండి దొరికితే ఆ బండికి వచ్చేయ్. అక్కయ్యని కాకరకాయ కారం ఒక సీసా పంపమను. లాంగ్‌బుక్ కొనకు, నా దగ్గర పాతది ఒకటుంది. ముందు పేజీల్లో మా ప్లటూన్ పేర్లున్నాయి, ఆ గ్యాంగ్‌మన్ పేజీ ఖాళీగానే ఉంది. మధ్యనుంచి మొదలుపెట్టు.

ఆశీస్సులతో,
మామయ్య