కాన్పై ఆరేళ్లయినా గ్యాస్ ఆపుకోలేకపోతున్నాను!

ప్రశ్న: నా వయసు 33. ఆరేళ్ల క్రితం తొలికాన్పు. బాబు 3.9 కిలోలు. ఎంత ముక్కినా రాకపోతే ఫోర్సెప్స్ వేసి తీశారు. లోపలిదాకా చిరిగిందని చాలా కుట్లు వేశారు. అప్పట్నుంచీ గ్యాస్ ఆపుకోలేను. ఏడాదిగా విరేచనం కాస్త పల్చగా అయితే చాలు, బాత్రూమ్‌కు చేరేలోపే చీరకు అంటుతోంది. పెళ్లిళ్లకు వెళ్లడం మానేశాను. గ్యాస్ సమస్య అని చెబితే డాక్టరు పరగడుపున వేసుకునే మాత్రలు రాశారు. కాన్పయ్యాక ఎవరికైనా ఇంతేనంటారు మా అత్తయ్య. రెండో బిడ్డ కావాలనుంది. నార్మల్ డెలివరీకి వెళ్లొచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: ఆ మాత్రలు కడుపులో యాసిడ్ తగ్గించేవి. మీ బాధకు పనికిరావు. మన దగ్గర ఛాతీలో మంటా గ్యాసే, పొట్ట ఉబ్బరమూ గ్యాసే. ‘ఆపుకోలేకపోతున్నా’నని విడమరిచి చెబితే తప్ప డాక్టరుకు అందదు. ఆ మాట దగ్గరే ఆడవాళ్లకు నోరు పెగలదు. చీటీ తీసుకుని తలుపుదాకా వెళ్లి, వెనక్కి వచ్చి మెల్లగా చెప్పినవాళ్లను ఎందరినో చూశాను.

కాన్పులో పడే చిరుగులు నాలుగు రకాలు. మూడో రకంలో మలద్వారం చుట్టూ ఉంగరంలా ఉండే కండరం తెగుతుంది. నాలుగోదైతే లోపలి పొర కూడా చిరుగుతుంది. తొలికాన్పు, బరువైన బిడ్డ, ఫోర్సెప్స్... ఇవన్నీ ఆ ముప్పును పెంచేవే. ఆ కండరంలో రెండు వలయాలుంటాయి. లోపలిది దెబ్బతింటే మనకు తెలియకుండానే మలం అంటుతుంది. బయటిది బలహీనపడితే అర్జెంటు వచ్చినప్పుడు ఆపుకోలేం. మీ లక్షణాలు ఎక్కువగా ఈ రెండోదాన్నే సూచిస్తున్నాయి. పైన కుట్లు చక్కగా మానినా లోపల కండరం సరిగా అతుక్కోకపోవచ్చు.

ముందు పాత డిశ్చార్జ్ సమ్మరీ వెతకండి, ఎన్నో రకం చిరుగో అందులో ఉండాలి. దాంతో గైనకాలజిస్టునో, పెద్దపేగు, మలద్వారం సమస్యలు చూసే కోలోరెక్టల్ సర్జన్‌నో కలవండి. మలద్వారం ద్వారా చేసే అల్ట్రాసౌండ్‌లో కండరం ఎక్కడ తెగిందో కనబడుతుంది. దాని బిగువును మానోమెట్రీ అనే పరీక్షతో కొలుస్తారు.

ఈలోగా వ్యాయామం మొదలుపెట్టండి. నలుగురిలో ఉన్నప్పుడు గ్యాస్ ఆపుకుంటాం చూడండి, అలా మలద్వారాన్ని లోపలికి, పైకి లాగి కొన్ని క్షణాలు ఉంచి వదలాలి. ఊపిరి బిగపట్టకూడదు, పిరుదులు, తొడలు బిగించకూడదు. పూటకు 8 నుంచి 10 సార్లు, రోజుకు మూడు పూటలు, కనీసం మూడు నెలలు. వారం చేసి లాభం లేదనుకోవద్దు. సరిగా కుదరకపోతే ఫిజియోథెరపిస్టులు బయోఫీడ్‌బ్యాక్‌తో, అంటే కండరం ఎంత బిగుస్తోందో పరికరంతో మీకే చూపిస్తూ నేర్పుతారు. కాఫీ తగ్గించండి. ఇసబ్‌గోల్ మలాన్ని కాస్త గట్టిపరుస్తుంది. అవసరమైతే విరేచనాలను తగ్గించే లోపరమైడ్ మాత్ర ఇస్తారు, దాన్ని సొంతంగా వాడొద్దు. వీటితో తగ్గకపోతే కండరాన్ని తిరిగి కుట్టే ఆపరేషన్ ఉంది, కాకపోతే దాని ఫలితం ఏళ్లు గడిచేకొద్దీ కొంత తగ్గొచ్చు.

యోని నుంచి గ్యాస్ గానీ మలం గానీ వస్తుంటే మాత్రం అది ఫిస్టులా, అంటే పేగుకూ యోనికీ మధ్య ఏర్పడిన దారి కావచ్చు. ఆలస్యం చేయకుండా చూపించుకోండి.

ఇక రెండో కాన్పు. ఇంకా లక్షణాలున్న మీలాంటివారికి ముందే రోజు నిర్ణయించుకుని సిజేరియన్ చేయించుకునే విషయం డాక్టరుతో చర్చించమంటాను. సిజేరియన్ పాత గాయాన్ని బాగుచేయదు, మళ్లీ చిరగకుండా కాపాడుతుంది, అంతే. పరీక్షలు గర్భం రాకముందే చేయించుకోండి.

మీ అత్తయ్యను కూడా ఓ మాట అడగండి, దగ్గినా తుమ్మినా మూత్రం పడుతోందేమోనని. అవునంటే అదే రోజు ఆవిడకూ ఓపీ చీటీ రాయించండి.