ఈనిన మేకల్లో పొదుగువాపు: పరీక్షలో జిగురు వస్తే మందు వేయాల్సిందేనా?

ప్రశ్న: మాకు పది పాడి మేకలున్నాయి. ఈనిన మూడో రోజు సబ్బుపొడి నీళ్లతో పాలు పరీక్షిస్తే దాదాపు అన్నింటికీ జిగురొచ్చింది. రెండింటికి మాత్రం పొదుగు ఒకవైపు గట్టిపడింది. అన్నింటికీ ఇంజెక్షన్లు వేయించాలా?
– ఓ రైతు, చిత్తూరు జిల్లా

జవాబు: వద్దండీ. ఆ జిగురు సూక్ష్మజీవిది కాదు. పాలలోని కణాలు పగిలి బయటపడిన డీఎన్ఏ అలా చిక్కబడుతుంది. మేక ఆరోగ్యంగా ఉన్నా దాని పాలలో కణాలు ఆవు పాలకన్నా ఎక్కువే, జున్నుపాల రోజుల్లో మరీ ఎక్కువ. ఈనిన వారం దాటాక మళ్లీ చేయండి. అరలీటరు నీటికి 15 గ్రాముల పొడి కలిపి, ఎడమ, కుడి చన్నుల పాలను వేర్వేరుగా 3 మి.లీ. చొప్పున తీసుకుని, అంతే ద్రావణం పోసి గుండ్రంగా తిప్పండి. రెండువైపులా కొద్దిగా జిగురుంటే కంగారొద్దు. ఒకవైపే బాగా చిక్కబడితే అనుమానించాలి.

గట్టిపడిన రెండింటి సంగతి వేరు. వాటికి ఆలస్యం చేయకుండా వైద్యం అందాలి, కానీ ఇంజెక్షన్ పడకముందే పాలు తీసి ల్యాబుకు పంపండి. మందు పడ్డాక తీస్తే సూక్ష్మజీవి ఉన్నా, ల్యాబులో దాన్ని పెంచి చూసే ప్లేటులో పెరగకపోవచ్చు. చేతులు కడుక్కుని, మొదటి మూడు నాలుగు ధారలు విడిగా గిన్నెలోకి పిండి పారబోయండి. 70 శాతం స్పిరిట్ దూదితో చనుమొనను, దూదికి మురికి అంటనంతవరకూ తుడిచి ఆరనివ్వండి. తుడిచేటప్పుడు ముందు ఆవలి చన్ను, పాలు తీసేటప్పుడు ముందు ఈవలి చన్ను. ఈ వరుస తప్పితే తుడిచిన చన్నుకు మీ చెయ్యి తగులుతుంది. స్టెరైల్ (సూక్ష్మజీవుల్లేని) ట్యూబును ఏటవాలుగా పట్టి 2–3 మి.లీ. చాలు. మేక నంబరు, ఏ వైపు, ఈనిన తేదీ రాసి, ఐసులో పెట్టి అదే రోజు చేర్చండి.

ఒకే ప్లేటులో మూడు నాలుగు రకాల సూక్ష్మజీవులు పెరిగాయంటే నమూనా కలుషితమైందన్నమాట, మళ్లీ తీయాలి. ‘ఏమీ పెరగలేదు’ అన్నా నిశ్చింత పడకండి. పొదుగువాపు తెచ్చే స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా పాలలోకి ఒకరోజు వస్తుంది, ఒకరోజు రాదు. మందకు కీళ్లవాపు, కళ్లు ఎర్రబడటం కూడా ఉంటే మైకోప్లాస్మా అనే మరో రకం బ్యాక్టీరియా పరీక్ష విడిగా అడగండి, అది మామూలు ప్లేటుపై పెరగదు.

ఫలితం తేలేదాకా ఆ రెండింటినీ చివర పితకండి, వాటి పాలు పిల్లలకు తాపకండి. పొదుగు చల్లబడి నీలంగా మారితే మాత్రం రిపోర్టు కోసం ఆగొద్దు, ఆ గంటే డాక్టరును పిలవండి.