ఆదివారం పప్పు పిల్లలకు వదిలేయండి

ప్రశ్న: మా పాపకు పదకొండేళ్లు, బాబుకు ఎనిమిది. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి ఏడవుతుంది. ఈలోపు ఇద్దరూ చిప్స్, బిస్కెట్లతో కడుపు నింపేసుకుని రాత్రి అన్నం దగ్గర పేచీ పెడతారు. వంట నేర్పిస్తే కూరగాయలైనా తింటారేమోనని ఆశ. కానీ స్టవ్ దగ్గరికి పంపాలంటే టెన్షన్. పైగా మా అత్తయ్య ‘మగపిల్లాడికి వంటెందుకు’ అంటున్నారు. శాండ్‌విచ్‌లు, జ్యూసులు కాకుండా ఇంటిల్లిపాదీ తినే వంట ఎలా నేర్పాలి?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: శాండ్‌విచ్ వద్దన్నారు చూడండి, సగం జవాబు మీ ప్రశ్నలోనే ఉంది. చాలామంది పిల్లలకు వంట అంటే ఆటలాంటిదేదో ఇచ్చి, అసలు వంట మాత్రం మనమే చేసేస్తాం, దాంతో వాళ్లు చేసినది ఎవరి ఆకలీ తీర్చదు, వాళ్లకూ రెండు రోజుల్లో మోజు తీరిపోతుంది. ఆ పూట ఇంట్లో అందరూ తినేది వాళ్ల చేతుల్లో పెట్టండి. నన్నడిగితే పప్పుతో మొదలుపెట్టండి, అదీ తోటకూర పప్పుతో.

ఆఫీసు నుంచి అలసి వచ్చిన రోజు వద్దు, ఆదివారం పెట్టుకోండి. నలుగురికి ఒక కప్పు కందిపప్పు చాలు. కడిగి అరగంట నానబెట్టడం, మూడు కప్పుల నీళ్లు కొలిచి పోయడం, చిటికెడు పసుపు వేయడం బాబు పని. తోటకూర ఒలిచి, ముందు బాగా కడిగి తర్వాత తరగడం పాప పని. తరిగాక కడిగితే నీళ్లలో కరిగే విటమిన్లు ఆ నీళ్లతోనే పోతాయి, ఈ మాట తరిగేటప్పుడే చెప్పండి, చేతిలో ఆకు ఉండగా విన్నది గుర్తుంటుంది. అలాగే చింతపండు పులుసు పప్పు ఉడికాకే పోయాలి, పులుపు ముందే తగిలితే పప్పు త్వరగా మెత్తబడదు. ‘ఎందుకు?’ అని పిల్లలు అడిగే ప్రశ్నలకు వంటింట్లో నిజమైన జవాబులు దొరుకుతాయి, అందుకే వాళ్లకు అక్కడ విసుగు రాదు.

ఉప్పు సంగతి కాస్త వివరంగా చెప్పాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పే లెక్క ప్రకారం ఒక మనిషికి రోజుకు 5 గ్రాముల ఉప్పు మించకూడదు, అంటే సుమారు ఒక టీస్పూను. పచ్చడి, అప్పడం, చిప్స్‌లో ఉన్నదీ ఇందులోదే. పాప చేతికి స్పూను ఇచ్చి కొలిచి వేయమనండి, రుచి చూశాకే ఇంకొంచెం. చిప్స్ మానమని మీరు పదిసార్లు చెప్పేకన్నా, తన చేత్తో ఉప్పు కొలిచిన పిల్లకు ఆ ప్యాకెట్ వెనక రాసిన అంకె అర్థం కావడం మేలు.

టెన్షన్ పడే విషయానికొస్తే, భయం ఉండాల్సిందే. పెద్దవాళ్లు పక్కన లేనప్పుడు స్టవ్ వెలిగించకూడదు, ఇందులో బేరాల్లేవు. కుక్కర్ మూత మీరే తీయండి, ఆవిరి పూర్తిగా పోయాకే తీయాలని చూపిస్తూ తీయండి. బాబుకు ఇప్పుడే స్టవ్ వద్దు, చిక్కుడు, బీన్స్ చేత్తో తుంచడం, చపాతీ ముద్ద చేయడం చాలు. పాపకు పోపు నేర్పవచ్చు, కానీ కరివేపాకు తడి లేకుండా తుడిచి వేయాలి, తడి ఆకు వేడి నూనెలో పడితే చిందేది మొహం మీదకే. జుట్టు ముడేయాలి, చున్నీ తీసేయాలి, కాటన్ బట్టలే వేసుకోవాలి.

ఇక మీ అత్తయ్యగారు. వాదించకండి, ఆవిడనే గురువును చేయండి. అన్నానికి ఎసరు వేలి కణుపుతో ఎలా కొలుస్తారో మనవడికి చూపించమనండి. వాడు పక్కన కూర్చుని ఆకు ఒలుస్తూ ఉంటే ‘మగపిల్లాడు’ అన్న మాట ఎక్కువ రోజులు నిలవదు. అన్నం తినే ప్రతి ఒక్కరికీ వండుకోవడం రావాలి, ఇందులో ఆడా మగా ఏముంది?

ఒక పొరపాటు మాత్రం చేయకండి. మా అబ్బాయి తొమ్మిదేళ్లప్పుడు మొదటిసారి వండిన పప్పులో కారం ఎక్కువైంది, నేను వాడు చూడకుండా సరిచేసేశాను. వాడు కనిపెట్టేశాడు, నెల రోజులు వంటింటి వైపు రాలేదు. ఆ రోజు వాడినే పిలిచి, కాస్త ఉడికిన పప్పు కలిపితే కారం తగ్గుతుందని చూపించాల్సింది. వాళ్లు చేసిన తప్పు వాళ్ల చేతే సరిచేయించండి. అన్నం దగ్గర ‘బాగుంది’ అని ఊరుకోకుండా ‘ఉప్పు సరిపోయింది, పప్పు ఇంకాస్త మెత్తబడాలి’ అని పెద్దవాళ్లకు చెప్పినట్టే చెప్పండి. స్టవ్ ఆపాక నిమ్మకాయ పిండితే ఆకుకూరలోని ఐరన్ ఒంటికి బాగా పడుతుంది, ఆ పిండే పని బాబుకివ్వండి.

తర్వాతి ఆదివారం ఇద్దరినీ మార్కెట్‌కు తీసుకెళ్లి కట్ట వాళ్లనే ఎంచుకోనివ్వండి, పాలకూరో, బచ్చలో, చుక్కకూరో. చుక్కకూర తెస్తే ఆ రోజు చింతపండు అక్కర్లేదు.